ఎండబెట్టిన చేలో నీళ్లు

2023 దాళ్వా. దాళ్వా అంటే మా గోదావరి డెల్టాలో చలికాలం నాట్లు ఊడ్చి, ఎండలు ముదిరాక కోసే రెండో పంట; వానల్లో వేసే మొదటి పంట సార్వా. రామచంద్రపురానికి కాస్త అవతల, కాలవ చివరి ఊళ్లలో ఒకదాంట్లో నా డ్యూటీ. వరి మీద జరిగే ఒక పరిశోధన ప్రాజెక్టులో ఫీల్డ్ అసిస్టెంటుని. నా పేరు లలిత. ఆ ఊళ్లో ఆ పేరుతో నన్ను పిలిచినవాళ్లు లేరు. స్కూటీ వెనకాల గాజులా కనపడే పెద్ద ప్లాస్టిక్ పెట్టె కట్టుకుని తిరిగేదాన్ని కాబట్టి "డబ్బా మేడమ్" అని పేరు పెట్టారు. మొదట్లో ఒళ్లు మండేది. తరవాత తరవాత ఫోనెత్తి నేనే "డబ్బా మేడమ్‌ని అండి" అని చెప్పుకునేదాకా వచ్చింది.

ఆ పెట్టె సంగతి ముందు చెప్పాలి. దాన్ని మేం ఛాంబర్ అంటాం. వరి దుబ్బుల మీద బోర్లించి, లోపలి గాలి బయటికి పోకుండా కింద నీళ్లతో బిగించి, అరగంట ఉంచుతాం. ఆ అరగంటలో మూడుసార్లు, పైనున్న రబ్బరు బిరడాలోంచి సిరంజితో లోపలి గాలి లాగుతాం. దాన్ని చిన్న చిన్న సీసాల్లోకి ఎక్కించి ల్యాబ్‌కి పంపిస్తే, అక్కడి మెషీన్ అందులో మీథేన్ ఎంతుందో చెబుతుంది. నీళ్లు నిలవున్న బురదలో, గాలి తగలని చోట, కంటికి కనపడని జీవులు కుళ్లిన గడ్డినీ వేళ్లనీ తిని వదిలే గ్యాసే మీథేన్. అది పైకి పోయి భూమి మీది వేడిని కదలనివ్వకుండా పట్టి ఉంచుతుందని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. చేనుని మధ్యమధ్యలో ఆరనిస్తే ఆ గ్యాసు తగ్గుతుందనీ, పంటకి నష్టం రాదనీ కూడా చెబుతున్నారు. మా నేలలో, మా కాలవ నీళ్లతో అది ఎంతవరకు నిజమో చూడటం మా పని.

ఈ మాట ఊళ్లో చెప్పిన మొదటిరోజు నాకు బాగా గుర్తు. టీకొట్టు దగ్గర పదిమంది రైతులున్నారు. అంతా విని ఒకాయన గ్లాసు పక్కన పెట్టి అడిగారు.

"అంటే మా వరి చేల వల్ల భూమి వేడెక్కిపోతోందంటారా మేడమ్ గారూ?"

"చేల వల్ల కూడా అండి."

"ఏసీ కార్లలో తిరిగేవాళ్లని వదిలేసి మా బురద వాసన చూడ్డానికొచ్చారన్నమాట."

అందరూ నవ్వారు. ఇంకొకాయన, "ఇవాళ నీళ్లు తీసెయ్యమంటున్నారు, రేపు అన్నమే మానెయ్యమంటారు చూడండి" అన్నారు. నాకు నోరెక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. అయినా ఆ రోజు వాదానికి దిగకుండా టీ డబ్బులిచ్చి లేచాను. నిజం చెప్పొద్దూ, వాళ్లన్న దాంట్లో న్యాయముందనిపించింది. పైగా ఆరేళ్లుగా ఆ గ్యాసు కొలుస్తున్నానే గానీ, దాన్ని నేనూ ఎన్నడూ చూసిన పాపాన పోలేదు. ల్యాబ్ నుంచి అంకెలొస్తాయి, వాటిని షీట్లో రాసుకుంటాను, అంతే.

ప్రయోగానికి చేను ఇస్తానని ముందుకొచ్చింది గంగరాజు గారొక్కరే. యాభై అయిదేళ్ల మనిషి, రెండెకరాల కౌలు రైతు. ఆయన ఒప్పుకుంటే సరిపోదు కదా, పొలం ఆసామిని కూడా అడిగాం. ఆసామి రామచంద్రపురంలో ఉంటారు. "గొట్టాలు పాతుకుంటారో పెట్టెలు పెట్టుకుంటారో మీ ఇష్టం. పంట తగ్గిందంటే మాత్రం వచ్చే సార్వాకి వేరే మనిషిని చూసుకుంటాను" అని గంగరాజు గారి మొహం మీదే చెప్పేశారు. ఆ రెండెకరాలూ పోతే గంగరాజు గారికి ఇంకో చేను లేదు. పధ్నాలుగేళ్లుగా చేస్తున్న నేల అది. ఈ మాట ఊరంతటికీ తెలిసింది.

గంగరాజు గారు మాత్రం నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగారు.

"చేను చావదు కదండీ?"

"చావదండి. నాదే పూచీ."

"అయితే మీరు చెప్పేదాకా నేను పార ముట్టుకోనండి" అన్నారాయన. ఆయన భార్య సత్యవతి గారు గుమ్మంలో నిలబడి వింటున్నారు. "మా ఆయన మాటిచ్చాడంటే వెనక్కి తీసుకోడు మేడమ్ గారూ. నా భయమంతా అదే" అన్నారు.

ఆవిడ భయం నాకు అర్థమైంది. నేనూ ఇక్కడ పుట్టినదాన్నే. ధవళేశ్వరం నుంచి కాలవల్లో, కాలవల నుంచి బోదెల్లో పడి నీళ్లు మా చేల దాకా వస్తాయి. దాళ్వాలో ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లు పెట్టుకోవాలి. ఆ రోజుల్లో ఒక చేను ఎండి కనపడిందంటే దారిన పోయేవాళ్లు ఆగి, "ఇంట్లో ఎవరికైనా బాగోలేదా?" అని అడుగుతారు. నెర్రెలు కూడా పడితే ఇక ఆ ఇంటాయన మంచాన పడ్డాడనే అనుకుంటారు. అలాంటి చోట కావాలని చేను ఎండబెట్టడమంటే ఎంత గుండె కావాలో ఆలోచించండి.

ఆయన చేలో రెండు మళ్లు తీసుకున్నాం. ఒకదాంట్లో ఎప్పటిలాగే నీళ్లు నిలవ, రెండోదాన్ని ఆరబెట్టాలి. ఆరబెట్టే మడిలో చిల్లులు పెట్టిన, చెయ్యి దూరేంత లావు పీవీసీ గొట్టం ఒకటి పాతి, లోపలి మట్టి తీసేశాం. పైన నేల ఎండినట్టు కనిపించినా, కింద నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో ఆ గొట్టంలోకి చూస్తే తెలిసిపోతుంది. జానెడుకి కాస్త తక్కువ లోతులో గొట్టం లోపల గుర్తు పెట్టాం, నీళ్లు అక్కడికి దిగాకే మళ్లీ పెట్టాలి. పెట్టె దగ్గరికి వెళ్లడానికి తాటి దూలం ఒకటి అడ్డంగా వేయించుకున్నాను. కాలు నేరుగా బురదలో పెడితే అడుగునున్న గ్యాసు బుడగలుగా లేచిపోయి లెక్క పాడవుతుంది. ఆ దూలం మీద నేను నడుస్తుంటే ఊడుపు ఆడవాళ్లు పని ఆపి మరీ చూసేవారు.

దూలాన్ని గంగరాజు గారి గట్టు మీంచే వేసుకున్నాం. అవతలి గట్టుకి వెళ్లొద్దని నాకు ముందే చెప్పారు. అవతలి చేను సూర్రావు గారిది. అరవై దాటిన మనిషి. ఆయనకీ గంగరాజు గారికీ పదకొండేళ్లుగా మాటల్లేవు. మధ్య గట్టుని నువ్వు చెక్కావంటే నువ్వు చెక్కావని మొదలై, పెద్దమనుషుల దాకా వెళ్లిందట. అప్పట్నుంచి ఒకరు చేలో ఉంటే రెండోవాళ్లు అటు తిరిగి పని చేసుకుంటారు.

మొదటిసారి ఆరబెట్టినప్పుడు అంతా సవ్యంగానే ఉంది. సాయంత్రం గొట్టంలో చూస్తే నీళ్లు బాగా దిగాయి, ఇంకో రెండు రోజుల్లో గుర్తుకి చేరతాయి. మర్నాడు పొద్దున వెళ్లేసరికి మడి నిండా నీళ్లు, పైన ఎండ మెరుస్తోంది. ఊట వచ్చిందేమో అనుకున్నాను. రెండోసారీ అదే జరిగింది. మూడోసారీ అంతే. ల్యాబ్ నుంచి అంకెలు కూడా వచ్చాయి. రెండు మళ్లలోనూ గ్యాసు ఇంచుమించు ఒకేలా ఉంది. మా శాస్త్రవేత్త సార్ ఫోన్ చేసి, "రైతు భయపడి చాటుగా నీళ్లు పెట్టుకుంటున్నట్టున్నాడు లలిత గారూ. ఇంకోసారి ఇలాగే అయితే ఆ చేను వదిలేద్దాం" అన్నారు.

నాకు తల కొట్టేసినట్టయింది. స్కూటీ వేసుకుని నేరుగా టీకొట్టుకి వెళ్లాను. గంగరాజు గారు అక్కడే ఉన్నారు. పక్కకి పిలిచి మాట్లాడాల్సింది, ఆ బుద్ధి నాకు రాలేదు.

"భయముంటే మొదటే చెప్పాలి కదండీ గంగరాజు గారూ. మాటిచ్చి దొంగచాటుగా నీళ్లు పెట్టుకోవడమేంటండి?"

టీకొట్టులో తలలన్నీ మా వైపు తిరిగాయి. ఆయన లేచి నిలబడ్డారు.

"నేను పెట్టలేదండి."

"మరెవరు పెట్టారండి? ఆకాశంలోంచి పడ్డాయా?"

ఆయన ఏదో చెప్పబోయి ఆగిపోయారు. తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయారు. ఆ మౌనం చూసి, తప్పు చేసినవాడు కాబట్టే జవాబు లేదనుకున్నాను. అలా అనుకోవడం నాకు ఆ రోజు ఎంత తేలికైపోయిందో.

రెండు రోజులకి సత్యవతి గారు ఫోన్ చేశారు. గొంతులో కోపమైతే లేదు. "మీకు మాటిచ్చిన దగ్గర్నుంచీ ఆయన పార గోడకే ఆని ఉందండి. అన్నం సరిగ్గా తినట్లేదు. నా మాట మీరు నమ్మక్కర్లేదు. తెల్లవారుజామున ఒక్కసారి వచ్చి మీ కళ్లతో చూసుకోండి" అన్నారు. నమ్మి వెళ్లానని అనలేను. ఆయన్నే పట్టుకుందామని వెళ్లాను.

అయిదున్నరకి చేరేసరికి మంచు ఇంకా విడలేదు. స్కూటీ దూరంగా ఆపి గట్టు మీద నడుస్తుంటే పార చప్పుడు వినపడింది. మధ్య గట్టు దగ్గర ఒక మనిషి వంగి ఉన్నాడు. గట్టుకి చిన్న గండి కొట్టి ఉంది, అవతలి చేలో నీళ్లు గలగలమంటూ గంగరాజు గారి మడిలోకి వస్తున్నాయి.

"ఎవరండీ అది?"

ఆ మనిషి నిటారుగా లేచాడు. "నేనేనమ్మా, సూర్రావుని."

ఊళ్లో ఎవరి పేరు చెప్పినా నమ్మేదాన్నేమో గానీ ఆయన పేరు చెబితే నవ్వేదాన్ని.

"మీ నీళ్లు ఆయన చేలోకి ఎందుకు పెడుతున్నారండి?"

"ఎండిపోతోంది కదమ్మా."

"మీకూ ఆయనకీ మాటల్లేవు కదండీ?"

"మాటల్లేవు. చేనేం చేసింది?" అన్నారాయన, ఇందులో అడగడానికేముందన్నట్టు. తరవాత గండి పూడుస్తూ మెల్లగా చెప్పారు. "పంట తగ్గితే కౌలు తీసేస్తానన్నాడంట ఆసామి. ఆడు మొండోడు. చచ్చినా ఒకళ్లని నీళ్లడగడు. మీరేదో పందెం కట్టించారు, ఆడు మాటకి కట్టుబడి కూచున్నాడు. నా వంతు నీళ్లు నాకు మిగులుతున్నాయి. తెల్లారకుండా కాసిని వదిలి పూడ్చేస్తున్నా. ఆడితో అనకండేం. తెలిస్తే తోడి మళ్లీ నా చేలోనే పోస్తాడు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గట్టు మీదే కూలబడి, మొత్తం సంగతి మొదట్నుంచి చెప్పాను. ఎండబెట్టడమే పనని, కింద తడి ఉంటుందని, నీళ్లు పెడితే గ్యాసు తగ్గదని. ఆయన ఓపిగ్గా విన్నారు.

"గ్యాసంటే? పొయ్యిలో మండేలాంటిదా?"

"అలా మండేదేనండి."

"మా చేలోనా?" అని నా మొహంలోకి చూశారు. "చూపించమ్మా. చూపిస్తే మానేస్తా."

చిక్కుల్లో పడ్డాను. నేనే చూడనిది ఈయనకేం చూపిస్తాను? బుడగల్ని సీసాలో పట్టి వెలిగించొచ్చని మా సార్ ఎప్పుడో మాటల్లో చెప్పారు. ఎలాగో గుర్తు తెచ్చుకున్నాను. నా కిట్లోంచి గాజు సీసా తీశాను. సూర్రావు గారు ఇంజన్‌కి ఆయిల్ పోసే గరాటు తెచ్చారు. నీళ్లు నిలవున్న ఆయన చేలోకే దిగాం. సీసా నిండా నీళ్లు నింపి, మూతికి గరాటు తగిలించి, నీళ్లలోనే తలకిందులుగా పట్టుకున్నాను. "ఇప్పుడు దీని కింద బురద తొక్కండి" అన్నాను.

ఆయన తొక్కారు. బుడబుడమని బుడగలు లేచాయి. ఒక్కొక్కటే గరాటులోంచి సీసాలోకి ఎక్కుతుంటే లోపలి నీళ్లు కిందికి దిగుతున్నాయి. ఆయన ఇంకా తొక్కారు. ఎక్కడ కాలు వేస్తే అక్కడ లేస్తున్నాయి. కాసేపటికి సీసాలో సగానికి పైగా ఖాళీ అయింది. చూడ్డానికి అందులో ఏమీ లేదు. నీళ్లలోనే మూత బిగించి, ఇద్దరం మోటారు పాకలోకి వెళ్లాం. లోపల ఇంకా చీకటిగానే ఉంది.

ఏమీ కాకపోతే ఆరేళ్ల నా ఉద్యోగమే అబద్ధమైపోతుందనిపించింది. మూత తీసి అగ్గిపుల్ల దగ్గరికి పెట్టాను. భుక్కుమని చిన్న చప్పుడు. సీసా మూతి మీద నీలం మంట ఒకటి నిలబడింది. పొగ లేదు. మెల్లగా సీసా లోపలికి దిగి, మూడు నాలుగు క్షణాలు అక్కడే తిరిగి ఆరిపోయింది.

ఆ ఖాళీ సీసాని తిప్పి తిప్పి చూశాను. పుట్టిన దగ్గర్నుంచి ఈ చేల మధ్యే తిరుగుతున్నాను. మా నాన్న తొక్కిన బురద, నేను కాళ్లు కడుక్కున్న బురద. దానిలోపల ఇంత జరుగుతోందా? కళ్లకి కనపడని జీవులు పగలూ రాత్రీ పని చేసి చేసి వదిలిన ఊపిరి అది. ఎన్ని వందల సార్లు దాని అంకె రాసుకున్నానో, ఒక్కసారి కూడా ఇలా ఊహించుకోలేదు.

సూర్రావు గారు తన కాళ్లకేసి చూసుకుంటున్నారు. "నలభై ఏళ్లు తొక్కానమ్మా దీన్ని" అన్నారు. మడమతో నేల తట్టి, "కింద ఎవరో పొయ్యి వెలిగించుకుని కూచున్నట్టుంది" అన్నారు. ఆ తరవాత గుమ్మంలోంచి బయటికి చూస్తూ, "ఇంతలేసి బుడగలు ఆకాశం దాకా పోయి భూమంతటినీ పట్టుకుంటాయా?" అని అడిగారు. చిన్నపిల్లాడు అడిగినట్టే ఉంది. అవునన్నాను. అది నేను నమ్మి చెప్పిన మొదటి అవును.

ఆయన మాట నిలబెట్టుకున్నారు. ఆ తరవాత మడిలో నీళ్లు చేరలేదు. పదో రోజుకి నేల గట్టిపడి సన్నటి నెర్రెలు కనపడ్డాయి. గొట్టంలో నీళ్లు ఇంకా గుర్తుకి పైనే ఉన్నాయి. సరిగ్గా ఆ రోజే ఆసామి మోటారు సైకిల్ మీద దిగారు. గట్టెక్కి మడి చూడగానే మొహం మాడిపోయింది.

"ఏంటి గంగరాజూ ఇది? నేల పగిలిపోతుంటే చూస్తూ కూచున్నావా? సార్వాకి ఇంకొకర్ని చూసుకోమనేగా దీనర్థం?"

నేను చెప్పబోయాను, ఆసామి చెవిన వేసుకోలేదు. అంతలో అవతలి గట్టు మీంచి సూర్రావు గారి గొంతు వినపడింది. గంగరాజు గారి వైపు చూడకుండా, ఆసామితోనే అన్నారు.

"చేను పచ్చగానే ఉందండి. పైన చూసి చెప్పేది కాదది. ఆ గొట్టంలో చెయ్యి పెట్టి చూడండి ఒకసారి."

ఊళ్లో ఆయన మాటకి విలువుంది. ఆసామి చిరాగ్గానే దూలం మీంచి వెళ్లి, కూచుని, గొట్టంలోకి చెయ్యి పోనిచ్చారు. వేళ్లకి చల్లటి నీళ్లు తగిలాయి. తీసి చూసుకున్నారు. మళ్లీ పెట్టారు. పక్కనే పగిలిన నేల, వేళ్ల నుంచి కారుతున్న నీళ్లు, రెండూ మార్చి మార్చి చూశారు. "వేళ్లు అక్కడిదాకా పోతాయా?" అని నన్నడిగారు. "వెతుక్కుంటూ పోతాయండి" అన్నాను. తడి చెయ్యి జేబురుమాలుకి తుడుచుకున్నారాయన. "కోతలప్పుడు చూద్దాం" అని వెళ్లిపోయారు.

కోతలప్పుడు చూశాం. కోత మెషీన్ చేలో దిగిన రోజు ఆసామి స్వయంగా వచ్చి నిలబడ్డారు. రెండు మళ్లనీ విడివిడిగా కోయించాం. ఎండబెట్టిన మడి నీళ్లున్నదానికి ఏమాత్రం తీసిపోలేదు. ఆసామి గింజ చేతిలో వేసుకుని నలిపి చూసి, "సార్వాకి నారు ఎప్పుడు పోస్తావు?" అని గంగరాజు గారిని అడిగారు. అంతే, కౌలు నిలబడింది. సత్యవతి గారు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని అటు తిరిగిపోయారు. సూర్రావు గారు మానేశాక తీసిన గ్యాసు అంకెలు కూడా తరవాత ల్యాబ్ నుంచి వచ్చాయి. ఎండబెట్టిన మడిలో బాగా తగ్గింది.

నాకు మాత్రం ఇంకో పని మిగిలిపోయింది. ఆ వారంలోనే గంగరాజు గారింటికి వెళ్లాను. ఆయన అరుగు మీద కూచుని సంచులకి మూతులు కుడుతున్నారు.

"ఆ రోజు నలుగురిలో మిమ్మల్ని నోటికొచ్చినట్టు అన్నానండి. తప్పు నాది. రేపు అదే టీకొట్టు దగ్గర, అదే నలుగురిలో తప్పు ఒప్పుకుంటాను. నీళ్లు పెట్టింది సూర్రావు గారండి. మీతో చెప్పొద్దన్నారు, అయినా చెబుతున్నాను."

ఆయన సూది ఆపలేదు. "తెలుసండి" అన్నారు.

"ఎప్పట్నుంచి?"

"మొదటిరోజు నుంచేనండి. గట్టు పూడ్చిన చోట మట్టి తడిగా ఉంది. పార దెబ్బ చూస్తే తెలిసిపోదా? ఆయనది ఎడమచేతి వాటం."

నాకు కోపమే వచ్చింది ముందు. "మరి ఒక్క మాట చెప్పొచ్చు కదండీ. దొంగన్నాను మిమ్మల్ని. ప్రాజెక్టులోంచి మీ చేను కూడా తీసేసేవాళ్లం."

అప్పుడు సూది పక్కన పెట్టారు.

"నేను పార ముట్టనని మాటిచ్చానండి, ముట్టలేదు. చెబితే మీరు ఆయన్ని ఆపేస్తారు కదండీ. పదకొండేళ్ల తరవాత నా చేలోకి వచ్చాడండి ఆయన. నోరు రాక నీళ్లు పంపించాడు. వద్దని ఎలా అంటానండి?"

ఇప్పటికి చాలా ఊళ్లు తిరిగాను, చాలా చేలు కొలిచాను. ఎక్కడైనా అంకె తప్పుగా వస్తే మా వాళ్లు ముందు రైతుని అనుమానిస్తారు. నేను ఆ చేను చుట్టూ ఒకసారి నడిచి, నాలుగు గట్ల అవతల ఎవరెవరున్నారో కనుక్కుంటాను. నా వృత్తిలో నేను నేర్చుకున్నదేమిటని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఇదొక్కటే ఉంది. ఆ రోజు మాత్రం అరుగు మీద కూచుని, ఇంకో సూదిలో దారం ఎక్కించి ఆయన పక్కన సంచులు కుట్టాను.